ఐదో పువ్వుకు మాటల్లేవు

1974. పోర్ట్ బ్లెయిర్‌లో నేను సంగీతం టీచరుగా చేరి అప్పటికి రెండేళ్ళు. మా పాపకు ఏడో నెల. డాలీగంజ్ క్వార్టర్ వరండాలో సాయంత్రాలు పాఠాలు చెప్పేదాన్ని. పాప ఉయ్యాల పక్కనే ఉండేది.

ఆ ఏడు మెయిన్‌లాండ్‌లోని ఒక సంగీత కళాశాల ద్వీపాల పిల్లల్లో ఒకరికి స్కాలర్‌షిప్ ఇస్తామంది. నా శిష్యురాలు రూత్‌ది చర్చి క్వైర్‌లో పెరిగిన గొంతు. పరీక్షకు మా గురువుగారు కట్టిన పూల కీర్తనలు ఎంచాను. ఇలాంటి వరుసను ఇంగ్లీషులో సాంగ్ సైకిల్ అంటారు: ఐదు పూలు, ఐదు రాగాలు, తెగని దండలా పాడాలి.

పరీక్ష దగ్గర పడ్డాక రూత్ నాన్న శామ్యూల్ గారు వచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన వెల్డరు. పాటలన్నీ వింటానని స్టూలు మీద కూర్చున్నారు. మల్లె, సంపెంగ, మొగలి, మందారం. ఒక్కో పాటకూ "ఠీక్ హై" అంటూ వచ్చారు. తామర దగ్గర చెయ్యెత్తి ఆపారు.

"పువ్వు మీద ఎవులో కూకున్నారు గదా టీచరమ్మా."

కూర్చున్నది లక్ష్మీదేవి. చరణం నిండా ఆవిడే. అది కవిత్వంలో అలంకారమని చెప్పబోయాను.

"మీకది పాట. మా పిల్ల పాడితే ప్రార్థన అయిపోద్ది. ఇది ఉంటే పరీక్షకి పంపను" అన్నారు. కోపంగా అనలేదు.

నాలుగుతో ఆపితే దండ పూర్తికాదు. మాటలు మార్చడానికి గురువుగారిని అడుగుదామంటే ఆయన అప్పటికే కాలం చేశారు. ఆ రోజుల్లోనే పాపకు జ్వరం వచ్చి నాకు ప్రతిదీ ఎదురు తిరుగుతున్నట్టుండేది.

దారి రూత్ చూపింది. చర్చిలో కొత్త పాట నేర్పేటప్పుడు ముందు మాటలుండవట, "లా లా" అంటూ ట్యూన్ ఒక్కటే పట్టిస్తారట.

"తామరని అలా పాడేస్తే, టీచర్?"

మన సంగీతంలో దానికి పేరుంది: ఆలాపన. మాటల్లేకుండా రాగాన్ని విప్పడం. కాని కీర్తన బట్టీ పట్టవచ్చు, ఆలాపన అక్కడికక్కడ అల్లుకోవాలి. రూత్ అప్పటిదాకా అల్లి ఎరగదు. రోజూ సాధన చేయించి శామ్యూల్ గారిని మళ్ళీ పిలిచాను.

కళ్ళు మూసుకుని విన్నారు. "ఇప్పుడు పువ్వే ఉంది. కూకున్నోళ్ళు లేచెళ్ళిపోయారు. ఛలో" అన్నారు.

పరీక్షలో చివరి స్వరాన్ని రూత్ గమకం లేకుండా, అంటే ఏ ఊపూ లేకుండా, చర్చిలో ఆమెన్ పలికినట్టు నిటారుగా నిలిపింది. మన పద్ధతిలో అది తప్పు. ఈ పాటకు సాహిత్యం, అంటే మాటలు, ఏవని పరీక్షకుడు అడిగారు.

"మా నాన్నకి పువ్వు దాకానే సరేనండి" అంది రూత్.

ఆయన నవ్వలేదు. ఆ ఒక్కటీ మళ్ళీ పాడమన్నారు.

సీటు వచ్చింది. ఓడ కనుమరుగయ్యేదాకా శామ్యూల్ గారు మా పాపను ఎత్తుకుని జెట్టీ మీద నిలబడ్డారు.

అప్పటి నుంచి కొత్త పిల్ల ఎవరొచ్చినా, శ్రుతి చూడకముందే ఇంట్లో ఏ పాట వద్దంటారో అడుగుతాను. అక్కణ్ణుంచే పాఠం మొదలుపెడతాను. ఓడ వెళ్ళిన రాత్రి పాపను నిద్రపుచ్చుతూ అనుకున్నాను: రేపు తను పాడతానంటే, దేని దగ్గర నేను చెయ్యెత్తి ఆపుతానో నాకింకా తెలియదు.