ముప్పయ్యో పూజ

ఇవాళ నేపర్‌విల్ చర్చిలో అప్పుడే ఆరిన కొవ్వొత్తి వాసన తగిలింది.

నా ఏడో ఏట అమ్మ పోయింది. నాన్న రోజూ స్కూలుకు ముందు నన్ను చర్చిలో అమ్మ ఆత్మ కోసం చేయించే పూజకు తీసుకెళ్లేవాడు. ఒక్కరోజూ తప్పకుండా ముప్పై పూజలు.

"ఎవ్రీ డే ఎందుకు, డాడీ?"

"పూర్వం గ్రెగరీ పోపుగారు చనిపోయిన ఓ సన్యాసి కోసం ఇలాగే చేయించారమ్మా. ముప్పయ్యో రోజు ఆ సన్యాసి వాళ్ల తమ్ముడికి కనపడి, ఇప్పుడు బాగున్నానన్నాడంట."

అంటే అమ్మ వస్తుందన్నమాట. నేను ఏడవలేదు, రోజులు లెక్కపెట్టాను. ముప్పయ్యో సాయంత్రం వీధి తలుపు గడియ తీసి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఏమీ అనిపించలేదు కూడా.

నాన్న అన్నానికి పిలిచాడు. టేబుల్ మీద మూడు కంచాలున్నాయి. అలవాటు కొద్దీ పెట్టాడనుకుని మూడోది తీసేశాను.

ఆ సాయంత్రం దాకా, ఆ నెలంతా నాన్న రెండే పెట్టాడని ఇవాళ గుర్తొచ్చింది.