గుర్వయ్య సారు చీటీల డబ్బా

మర్రిగూడ మండలంలోని ఒక ఉన్నత పాఠశాల చరిత్రలో రెండు యుగాలున్నాయి: లెక్కల సారు గుర్వయ్య చీటీల డబ్బా తేకముందు, తెచ్చిన తరువాత. బోర్డు దగ్గరికి ఎవరు రావాలో ఆయన వేలు చూపి పిలవరు. ఏడో తరగతి పిల్లలు ఇరవై నలుగురి పేర్లూ చీటీల మీద రాసి, లోతైన బిస్కెట్ల డబ్బాలో వేసి, ముఖం గోడవైపు తిప్పి ఒకటి తీస్తారు. చదివి మళ్లీ అందులోనే వేస్తారు. బడికి రానివాళ్ల చీటీలు మాత్రం పొద్దున్నే ఏరి చొక్కా జేబులో పెట్టుకుంటారు.

సంభావ్యత పాఠం రోజున డబ్బా ఎత్తి చూపారు. “రాగల పేర్లన్నీ గీండ్లనే ఉన్నయి. దీన్నే శాంపిల్ ఆవరణం అంటరు. ఇరవై నాలుగుల ఒక్కటి. దీనికి ఎవరి మీదా పగ లేదు.”

2018 నవంబరులో పత్తి ఏరుడు మొదలైంది. రోజుకు నలుగురైదుగురు పిల్లలు చేలకు పోయేవారు, మర్నాడు వచ్చేవారు. నెలాఖరు వారం అందరూ బడికొచ్చారు, చీటీలు ఏరే పని పడలేదు. డబ్బా తీరు మాత్రం మారింది. సోమవారం ప్రణీత పేరు వచ్చింది. మంగళవారం ప్రణీత. బుధవారం సారు చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోయింది, ప్రణీత. తరగతిలో ఎవరూ నవ్వలేదు. గురువారం ఆ పిల్ల పేరు చదవకముందే లేచి నిలబడింది.

శుక్రవారం ప్రణీత అవ్వ ఈదమ్మ పత్తి సంచితో వచ్చింది.

“నాలుగొద్దుల సంది నా మనుమరాలినే పిలుస్తాంది సారూ, నీ డబ్బ. గట్ల పేరు వట్టి పిలుసుడు మంచిది గాదు. రేపటి సంది చేనుకే తోల్కపోత. ఇగ బడి బందు.”

“గట్ల వచ్చుడు శానా అరుదవ్వా. గని రావద్దని లేదు.”

“గా అరుదైంది నా ఇల్లే ఎందుకు వెతుక్కున్నది?”

“లెక్కకు ఇండ్లు తెల్వయి. నువ్వే తియ్యి. మళ్ల అదే పేరొస్తే నీ ఇష్టం.”

ఈదమ్మ కళ్లు మూసుకుని చీటీ తీసి మనుమరాలికిచ్చింది. ప్రణీత విప్పి చూసి, చదవలేదు. సారు ఇరవై నాలుగును అయిదుసార్లు మనసులో హెచ్చవేశారు. దాదాపు ఎనభై లక్షల్లో ఒక్కటి. పదిహేనేళ్ల సర్వీసులో మొదటిసారి డబ్బాకు ఒక అడుగు దూరం జరిగారు.

ఈదమ్మ డబ్బాను బోర్లించి తట్టింది. “గీండ్ల ఇంకేం లేవు గద సారూ.”

గుర్వయ్య జేబు తడుముకున్నారు. రానివాళ్ల చీటీలు తియ్యడం ఆయన ఏ రోజూ మరవలేదు. వాళ్లు వచ్చాక తిరిగి వెయ్యడమే మరిచారు. ఇరవై మూడు చీటీలు ఇంట్లో కొక్కేనికి వేలాడే చొక్కాల జేబుల్లో ఉన్నాయి.

ఈదమ్మ సంచి భుజాన వేసుకుని ఒక్కతే చేనుకు పోయింది.

ఆ నెలలో ఒక్కరోజు కూడా బడి మాననిది ప్రణీతే.