చివరి పిల్ల వెనక నడిచే ఆయమ్మ

గత శనివారం ఒక తప్పు జరిగింది. చేసింది మా పాత బడి క్రీడా కమిటీ కార్యదర్శి. కువైట్‌లో, సాల్మియా సముద్రం ఒడ్డున పిల్లల క్రాస్ కంట్రీ పరుగు ఇంకా అయిపోకముందే, ముగింపు గీత దగ్గర పేర్లు రాసే బల్లను మడిపించి కారు డిక్కీలో పెట్టించాడు. పరుగు మొదలుపెట్టింది ముప్పై ఒక్కమంది. ఆయన చేతిలో కాగితం మీద, చేరినవాళ్ళవి ఉన్నది ముప్పై పేర్లు.

ఆ పని జరగనివ్వని మనిషి ఒకామె ఉండేది. అంతకు మూడు రోజుల ముందు, బుధవారం పొద్దున, సాల్మియాలోనే తను అద్దెకుండే గదిలో చనిపోయింది. డ్యూటీకి యూనిఫాం వేసుకుని, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ మంచం మీదికి ఒరిగిపోయిందని అదే గదిలో ఉండే నర్సు ఒకామె చెప్పింది. ఆమె మా బడి బస్సు ఆయమ్మ. చర్చివాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలన్నీ పూర్తి చేయించి ఆమెను గోదావరి జిల్లాకు పంపించారు. నేను ఎయిర్‌పోర్టుకు వెళ్ళలేదు. కాలేజీలో పరీక్ష ఉంది. వెళ్ళి రాశాను.

ఆ బడిలో చదివినవాళ్ళ కోసం, చదువుతున్న పిల్లల అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. ఆమెను ఆకాశానికెత్తడానికి కాదు. ఆమె చేసే పని ఒకటి ఆగిపోయింది. అదేమిటో మీకు తెలియాలి.

మాది రిగ్గై. నాన్న కడప జిల్లా నుంచి వచ్చి ఇక్కడొక గోడౌనులో పనిచేస్తున్నాడు. పొద్దున్నే బస్సెక్కితే సాల్మియా చేరేసరికి సగంమంది పిల్లలం నిద్రలో ఉండేవాళ్ళం. ఆయమ్మ ముందు కడ్డీ పట్టుకుని నిలబడి కేకేసేది.

"లెగండర్రా, లెగండి! బడొచ్చేసింది. ఇంకాసేపు పడుకుంటే డ్రైవరు సముద్రంలోకి తోలేస్తాడు!"

పిల్లలందరూ దిగాక ఆమె ఒక్కతే వెనక్కి నడిచేది. చివరి సీటు మీద అరచెయ్యి వేసేది. అక్కణ్ణుంచి ఒక్కొక్క సీటూ తడుముకుంటూ, కిందికి వంగి చూసుకుంటూ ముందుకొచ్చేది. ఎండాకాలంలో తాళం వేసిన బస్సులో ఒక పిల్ల నిద్రపోతూ మిగిలిపోతే ఏమవుతుందో కువైట్‌లో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా డ్రైవరు పెషావర్ మనిషి, ఎప్పుడూ తొందర. "యల్లా ఆయమ్మా, ఖలాస్!" అని, అంటే పద, అయిపోయిందని, హారన్ కొట్టేవాడు.

"ఖలాస్ తుమ్ నై బోల్నా! ఖలాస్ మై బోలేగా!" అని, అయిపోయిందని చెప్పాల్సింది తనేనని, సీట్ల మధ్య నుంచే తనకొచ్చిన హిందీలో ఆమె గద్దించేది. ముందుదాకా వచ్చి, మెట్టు దిగి, అప్పుడు అనేది ఆ మాట. ఏడేళ్ళు ఆ బస్సులో వెళ్ళాను. ఆమె అనకముందు తలుపు మూసుకోవడం నేను చూడలేదు.

క్రాస్ కంట్రీ గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. మైదానంలో గుండ్రంగా పరిగెత్తేది కాదది. ఇసుకా, గడ్డీ, రాతిబాటా ఏది వస్తే దాని మీద పోవాలి. మా పిల్లలు ఒడ్డు వెంబడి రెండు కిలోమీటర్లు వెళ్ళి, ఒక మలుపు చుట్టి, రెండు కిలోమీటర్లు వెనక్కి వస్తారు. బళ్ళ మధ్య పోటీలో ఒక బడికి లెక్కలోకి వచ్చేది మొదట చేరిన ఐదుగురి స్థానాలే. ఆ ఐదూ కూడితే ఎవరిది తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ఆరో పిల్ల నుంచి చివరి పిల్ల దాకా ఎవరు ఎప్పుడొచ్చినా బడికి పెద్దగా పట్టదు.

మలుపు దగ్గర ఒక మనిషి కావాలి. బస్సుతోపాటు వచ్చిన ఆయమ్మ ఖాళీగా కనిపించింది కాబట్టి పీటీ సారు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. పని ఇంతే: అందరూ మలుపు చుట్టారా లేదా చూడడం. కానీ ఆమె బస్సు అలవాటును అక్కడికీ తెచ్చింది. ఎంతమంది బయల్దేరారో ముందే అడిగి పెట్టుకునేది. వచ్చినవాళ్ళను వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టేది. చివరి పిల్ల మలుపు చుట్టాక కుర్చీ మడిచి చంకన పెట్టుకుని, ఆ పిల్ల వెనకే నడుచుకుంటూ వచ్చేది. వేగంగా నడిచేది కాదు. ముందున్న పిల్ల రొప్పుతూ ఆగితే తనూ ఆగి సముద్రం వైపు చూసేది.

తొమ్మిదో తరగతిలో ఆ చివరి పిల్లను నేనే. "నా ఎనకాల రావద్దు. అందరూ నగుతాండారు" అని అరిచాను.

"ఎందుకే నవ్వడం? చివర నేనున్నాను కదా. నువ్వు చివరిదానివెలా అవుతావే?" అంది.

ఆమె వచ్చేదాకా బల్ల మడవడానికి లేదు. కార్యదర్శి గడియారం చూపిస్తే, "ఆయ్, అలాగేనండి" అనేది. గోదావరి మర్యాద. తర్వాత తన పని తాను చేసుకునేది. ఆయన పదిసార్లు చూపించినా పదిసార్లూ "ఆయ్, అలాగేనండి"యే.

ఇప్పుడు నేను చేసింది చెప్పాలి. పదో తరగతిలో, నాన్న స్నేహితుడొకాయన ఇచ్చిన చిన్న పుస్తకాలు చదివే రోజులవి. పోటీ మనుషుల్ని విడగొడుతుందని ఒకదానిలో ఉంది. ఆ శనివారం మలుపు చుట్టి వెనక్కి వస్తున్నాను. నా వెనక ఇంకొక్క పిల్లే ఉంది. ఇంకాసేపట్లో అదీ దాటిపోతుందని తెలుస్తోంది. ఈ పోటీని నేను బహిష్కరిస్తున్నాను అనుకున్నాను. ఒడ్డు దిగి, రోడ్డు దాటి, బకాలా కొట్లో లబన్ మజ్జిగ కొనుక్కుని తాగి, బస్సెక్కి రిగ్గై వెళ్ళి పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. సిగ్గుతో పారిపోయి దానికి పుస్తకంలో మాట తగిలించానని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

అక్కడ బల్ల దగ్గర ఒకరు తక్కువ. ఆయమ్మ బస్సులను కదలనివ్వలేదు. మళ్ళీ మలుపు దాకా నడిచింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. గాలం వేసుకు కూర్చున్నవాళ్ళనూ ఒడ్డు ఊడ్చేవాళ్ళనూ అడిగింది. రాళ్ళ మధ్య నీళ్ళలోకి తొంగి చూసిందట. చివరికి ఎవరో మా ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఎత్తాడు.

"ఇంట్లోనే ఉంది సార్. వచ్చి పండుకొనింది. ఏం సార్, ఏమన్నా చేసిందా?"

రెండు గంటలు బస్సులు ఆపినందుకు ఆయమ్మకు మెమో ఇచ్చారు. మర్నాడు ఆదివారం, ఇక్కడ బడి ఉండే రోజు. అందరూ దిగేదాకా నేను బస్సులోనే కూర్చున్నాను. ఆమె ఏమీ అనకముందే నేనే మొదలుపెట్టాను.

"నన్ను ఎతకమని నీకెవరు చెప్పినారు? నా ఇష్టం, ఇడిసిపెట్టి వచ్చినా."

"ఇష్టమేనమ్మా. పరుగు మానేస్తే తప్పని ఎవరన్నారు? వెళ్తున్నానని ఒక్క ముక్క చెప్పి వెళ్తే సరిపోయేది." యూనిఫాం జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "ఇదేదో ఇంగ్లీషులో ఇచ్చారు. చదివి పెట్టు."

చదివాను. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నా పేరు వచ్చిన చోట ఆగాను.

"ఆగిపోయావేం? నీ పేరేగా. చదువు."

చదివాను. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని చివర్లో ఉంది. అదీ చదివాను.

"సంతకం ఎక్కడ పెట్టమన్నారు?" అంది. చోటు చూపించాను. నా పెన్నుతోనే సంతకం పెట్టి, పెన్ను నాకిచ్చేసి, చివరి సీటు వైపు నడిచింది. ఆ తర్వాతి శనివారం మళ్ళీ మలుపు దగ్గర కుర్చీలో ఉంది. మళ్ళీ కణుపులు లెక్కపెట్టింది.

ఇప్పుడు నేను కాలేజీ రెండో సంవత్సరం. క్లాసులు, అసైన్‌మెంట్లు, క్యాంటీన్‌లో వాదనలు. కానీ శనివారం పొద్దున మాత్రం బడి పిల్లల పరుగు చూడడానికి సాల్మియా వెళ్తాను. ఏ పిల్ల పోయినసారి కంటే ఎన్ని స్థానాలు ముందుకొచ్చిందో నోటుబుక్కులో రాసుకుంటాను. మా క్లాసులో నిజామాబాద్ అమ్మాయికి ఇదంతా విచిత్రం.

"ఏం పిచ్చే నీకు? మన కాలేజీల క్రికెట్ లేదా, ఫుట్‌బాల్ లేదా? చిన్న పోరగాళ్ళ ఉరుకుడు జూస్తందుకు పొద్దుగాల్నే లేస్తవా?"

నేను చూడ్డానికి వెళ్ళేది పరుగు, కూర్చునేది మలుపు దగ్గర. ఆయమ్మ ఖుబ్బూస్ రొట్టె‌లో ఆవకాయ రాసి చుట్టి తెచ్చేది. చెరిసగం తినేవాళ్ళం. నా రాతలు ఆమెకే ముందు చూపించేదాన్ని. కార్మికుల హక్కుల మీద నేను రాసిన కరపత్రం ఒకటి వారం పాటు దగ్గర పెట్టుకుని తిరిగి ఇచ్చింది.

"చదివానమ్మాయ్. ప్రజలు, ప్రజలు అని పేజీ నిండా రాసేవు. ఒక్క మనిషీ కనపళ్ళేదు."

నాకు కోపం వచ్చింది. అయితే నీ కథే చెప్పు, రాస్తాను అన్నాను. బడికి రాకముందు రుమైథియాలో ఒక ఇంట్లో పదకొండేళ్ళు పనిచేసింది. ఆ ఇంటి మామా, అదే యజమానురాలు, కొట్టిందా, తిండి పెట్టలేదా, ఇఖామా కార్డు దాచిందా అని ఒకదాని తర్వాత ఒకటి అడిగాను.

"అబ్బే, మంచిదే పాపం. జొరమొస్తే డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళేది. నాకంటే ముందు ఒకమ్మాయి చేసి వెళ్ళిందంట. ఆ అమ్మాయి పేరుతోనే పిలిచేది నన్ను. పదకొండేళ్ళూ అదే పేరు."

"నువ్వు చెప్పలేదా నీ పేరు?"

"మొదట్లో చెప్పాను. తర్వాత పలకడం అలవాటైపోయింది." ఖుబ్బూస్ ముక్క నోట్లో పెట్టుకుని, "అదుగో, ఇరవై రెండు" అంది. ఇరవై రెండో పిల్ల మలుపు చుడుతోంది.

ఆ సంగతి నేను కరపత్రంలో రాయలేదు. దాని మీద ఏ నినాదం రాయాలో నాకు తోచలేదు.

ఇక గత శనివారం. నేను వెళ్ళేసరికి ఆలస్యమైంది. మలుపు దగ్గర ఎవరూ లేరు. ఆమె చోట నేను కూర్చుని ఉండొచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదు. నేరుగా ముగింపు దగ్గరికి పోయి, మిగతావాళ్ళలాగే మొదటి ఐదుగురికీ చప్పట్లు కొట్టాను. ఆ తప్పు నాది, కార్యదర్శిది కాదు. బయల్దేరింది ముప్పై ఒక్కమందని పిల్లలు చెప్పారు; కాగితం మీద ముప్పై పేర్లే చూసి, బల్ల మడుస్తుంటే మాత్రం అడ్డం వెళ్ళాను.

"సార్, ఇంకో అమ్మాయి రావాల."

"లెక్కలోకి వచ్చే ఐదుగురూ వచ్చేశారు కదమ్మా. ఎండెక్కుతోంది. ఇంకెవరొస్తే ఏంటి?"

"రాకపోతే ఏమయిందో చూడరా?"

"నువ్వా నాకు చెప్పేది?" అని ఆయన నవ్వాడు. "నీ కోసమే కదా ఆ రోజు రెండు గంటలు బస్సులు ఆపింది. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు సార్. అందుకే చెప్తాండా."

ఆయన కారెక్కాడు. బస్సు దగ్గర పిల్లలను ఎక్కించే హడావుడి. ఐదారు నిమిషాలకు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి వచ్చింది. మొహమంతా ఎర్రబడింది, మోకాలికి ఇసుక అంటుకుంది, ఎక్కడో పడినట్టుంది. బల్ల కాళ్ళు దిగిన నాలుగు గుంటలు ఇసుకలో ఉన్నాయి. వాటి దాకా పరిగెత్తుకొచ్చి ఆగింది. చుట్టూ చూసింది.

"అక్కా, నేను ఎన్నో నంబరు?"

"ముప్పై ఒకటి."

"రాసుకున్నారా?"

రాసుకోలేదని చెప్పాను. సరేనని తలూపి, బూటు విప్పి ఇసుక దులుపుకుంది. వచ్చేవారం కూడా పరిగెత్తుతావా అని అడిగితే, పేరిచ్చాను కదా అంది.

వచ్చే శనివారం ఇతర బళ్ళతో కలిపి పరుగు ఉంది. మొదటి పిల్ల చేరిన పది నిమిషాలకు బల్ల తీసేస్తారని కార్యదర్శి చెప్పాడట. ఆ అమ్మాయికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆయనతో ఇక వాదించను. పీటీ సారుతో మాట్లాడాను. బల్ల మనమే తెచ్చుకుంటే, పేర్లు మనమే రాస్తే, ఆ కాగితం తను తీసుకుంటానన్నాడు.

కాబట్టి ఆ బస్సులో ఎక్కి దిగినవాళ్ళందరినీ అడుగుతున్నాను. ఇప్పుడు ఏ కాలేజీలో చదువుతున్నా, ఏ షాపులో, ఏ ఆసుపత్రిలో పనిచేస్తున్నా సరే. మలుపు దగ్గర ఇద్దరు కావాలి. చివరి పిల్ల వెనక నడవడానికి ఒకరు కావాలి; అది నేను చేస్తాను, నాకంటే నెమ్మదిగా నడిచేవాళ్ళుంటే వాళ్ళకే ఇస్తాను. మిగిలినవాళ్ళు బల్ల చుట్టూ నిలబడండి. నినాదాలు వద్దు, బ్యానర్లు వద్దు. పెన్ను తెచ్చుకోండి.

శనివారం పొద్దున ఆరు గంటలకు, సాల్మియా ఒడ్డున, పిల్లల బస్సులు ఆగే చోట. ఎన్నింటికి అయిపోతుందో ఇప్పుడే చెప్పలేను.