ఊడని పట్టీ

ఒమాన్‌లోని సీబ్ కంపెనీ క్యాంపులో ఇస్తారి రోజూ దెబ్బలు తినేవాడంటే ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు. 1977లో ఆ కంపెనీలో మట్టి తవ్వేవాళ్లంతా ఫోర్‌మన్ ఖమరుద్దీన్ చేతి రబ్బరు గొట్టం రుచి చూసినవాళ్లే. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన ఇస్తారికి మాత్రం వీపు మంట కన్నా కడుపు మంట ఎక్కువ. బావిలోంచి నీళ్లు తోడే తోలు మోటలు కుట్టిన వంశం వాళ్లది. అలాంటి చేతికి పార ఇచ్చారని అతని ఏడుపు.

అందుకే ఇంజనీరు దొర తోలు పని ఉందని పిలిపిస్తే పరుగున వెళ్లాడు. ఆ దొరది మంచు దేశం. అక్కడి జనం కాలికో బద్ద కట్టుకుని మంచు మీద జారతారట. ఈయనది అందులోనూ వింత యవ్వారం, రెండు కాళ్లకూ కలిపి ఒకటే వెడల్పు బద్ద. దాని బిగింపులు విరిగిపోయాయి. బౌషర్ ఇసుక గుట్టల మీద జారడానికి కొత్తవి అమర్చమన్నాడు. బాగా కుదిరితే వర్క్‌షాపులో పెట్టుకుంటానన్నాడు. అంటే పార ఉండదు, గొట్టం ఉండదు. ఇస్తారికి అంతకన్నా ఏం కావాలి?

దొర బద్ద నడుమ సుద్దగీత గీసి, రెండు బూట్లూ పక్కపక్కనే, వేళ్లు ముందుకు ఉండేలా పెట్టి చూపించాడు. మడమల వెనక జీపు స్ప్రింగులు. పడినప్పుడు కాలు మెలి తిరిగితే స్ప్రింగు సాగి పట్టీ ఊడిపోవాలన్నాడు. హైదరాబాదీ ఖమరుద్దీన్ అదంతా తెలుగులో చెప్పాడు.

"ఊడిపోవుడేంది సాబ్? ఊడిపోయే పట్టీ ఎవడన్న కడ్తడా?"

"చెప్పింది చెయ్యిరా. లేకుంటే నీ బొక్కలు ఇరుగుతయ్."

చేశాడు గానీ మనసొప్పలేదు. ఒకసారి నిండు మోట పట్టీ ఊడి ఎద్దు కాలు విరిగితే, పటేలు ఇస్తారి తండ్రిని గుంజకు కట్టి రక్తం కారేదాకా కొట్టించాడు. అది చూసిన కళ్లవి. మత్రా బజారులో కొన్న మేక పచ్చితోలు నీళ్లలో నానబెట్టి, స్ప్రింగుల చుట్టూ గట్టిగా చుట్టి ముడేసి, కనబడకుండా పైన పట్టీ కప్పేశాడు. పచ్చితోలు ఎండేకొద్దీ బిగుస్తుంది. మూడు రోజుల ఒమాన్ ఎండకు అది ఇనుమైంది. దొరకు మేలే చేస్తున్నాననుకున్నాడు, పిచ్చి మారాజు.

శుక్రవారం పొద్దున దొర గుట్ట మీద నుంచి జారాడు. సగం దాకా బాగానే వెళ్లి పల్టీ కొట్టాడు. బద్ద ఇసుకలో దిగబడి నిలిచిపోయింది, మనిషి మాత్రం తిరిగాడు. ఎముక విరిగిన చప్పుడు పైన నిలబడ్డ ఇస్తారికీ ఖమరుద్దీన్‌కీ వినిపించింది.

ఇస్తారి దొర్లుకుంటూ దిగాడు. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. దొర అరుస్తూ గింజుకుంటుంటే బద్ద ఆ కాలిని ఇంకా మెలిపెడుతోంది. ఎంత లాగినా ముడి రాలేదు. ఇస్తారి తోలు కోసే కత్తి తీశాడు. పొడుస్తాడనుకున్నాడో ఏమో, వెనకే వచ్చిన ఖమరుద్దీన్ జీపు రాడ్డుతో ఆ చేతి మీద కొట్టాడు. వేళ్లు నలిగాయి. ఇస్తారి కత్తిని ఎడమ చేతికి మార్చుకున్నాడు. భుజం మీద ఇంకో దెబ్బ పడింది. తన ముడిని తనే కోసి దొర కాళ్లు విడిపించాకే కూలబడ్డాడు.

జీపులో పడుకోబెట్టాక దొర పళ్లు బిగబట్టి ఏదో అడిగాడు.

"ఎందుకు ఊడలేదంటుండు," అన్నాడు ఖమరుద్దీన్. కోసిన పచ్చితోలు అతనూ చూశాడు. గొంతు తగ్గించాడు. "దొర మాట నీకు చెప్పింది నేనే. నా మెడకు గూడ పడ్తది. వీనికి పని సరిగ రాదు, తెల్వక కట్టిండని చెప్త. నౌకరీ ఉంటది నీకు. సరేనను."

ఇస్తారి నలిగిన చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"పని రాకేంది సాబ్? ఎరికుండే బిగించిన. ఊడొద్దనే కట్టిన. గదే చెప్పు."

ఖమరుద్దీన్ చెప్పాడు. దొర తన పక్కనున్న నీళ్ల డబ్బా ఎత్తి ఇస్తారి ముఖాన కొట్టాడు. రెండు పళ్లు రాలాయి.

వారం తిరగకుండా విమానం ఎక్కించారు. కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. ఇంటికొచ్చాక భార్య లస్మవ్వ ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"పని రాదని ఒక్క మాటంటే ఏం బోతుండె?"

"నాకు పని రాదని నా నోటితోని ఎట్లంటనే?"

లస్మవ్వ కంచం దగ్గరికి లాక్కుంది. అన్నం కలిపి అతని నోట్లో పెట్టింది.