అప్పలనర్సమ్మ తగిలించిన ఎర్ర రేకు

నాకు కోపం ఎక్కువ. దానికి తోడు ఎంసీఏ చదివానన్న పొగరొకటి. ఈ రెండూ వెంటబెట్టుకుని 1996లో కాకినాడ నుంచి వచ్చి బిలాస్‌పూర్ స్టేషన్లో దిగాను. ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగం. అర్పా నదికి అవతల సర్కండాలో, రైల్వేలో రిటైరైన అప్పలనర్సమ్మ గారింట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. మొదటిరోజే ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "తెలుగోళ్ల పిల్లవే కదేటి. బస్, ఇంకేటీ గొడవ నేదు, సామాను ఎట్టుకో" అంది.

ఆవిడ గురించి నాకు తెలిసింది కొంచెమే. చదువు ఎనిమిదో తరగతి. భర్త ఎర్రయ్య రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టరు, 71లో డ్యూటీలో ఉండగానే పోయాడు. ఇక్కడివాళ్లు 'అనుకంపా నౌకరీ' అంటారే, అలా భర్త పోయినందుకు ఆవిడకో ఉద్యోగం ఇచ్చారు. షెడ్డు డ్రాయింగ్ ఆఫీసులో రికార్డ్ సార్టరు. ఇంజనీర్లు అడిగిన డ్రాయింగు బీరువాలోంచి తీసివ్వడం, పని అయ్యాక మళ్లీ దాని చోట పెట్టడం. ఇరవై మూడేళ్లు ఆ పనే చేసింది. గుమ్మడికాయ వడియాలు బాగా పెడుతుంది. నా లెక్కలో అప్పలనర్సమ్మ గారంటే అంతే.

98 వేసవిలో ఢిల్లీ పత్రిక ఒకటి లినక్స్ సీడీ ఉచితంగా ఇచ్చింది. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామది. ఎవరూ కొనక్కర్లేదు, లోపల ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. ప్రింటరు, మోడెము, కీబోర్డు వంటి పరికరాలను దానికెలా కలపాలో వివరించే పత్రాలు కూడా ఆ సీడీలో ఉన్నాయి. లోకంలో ఎవరెవరో జీతం లేకుండా కూర్చుని రాసినవి. వాటిలో కొన్నిటికి జపాన్ భాషలో అనువాదాలు కూడా ఉన్నాయి. మా సెంటర్లో ప్రింటరు మొరాయిస్తుంటే, అంత చిక్కు అక్షరాలు సరిగ్గా పడితే ఇంకేవైనా పడతాయని ఆ జపాన్ పత్రం ఒకటి అచ్చు వేశాను. పది కాగితాలు చక్కగా వచ్చాయి. నాకు వాటితో పని అయిపోయింది కనక వడియాల కింద పరుచుకోమని తెచ్చి అప్పలనర్సమ్మ గారికిచ్చాను.

మర్నాడు పొద్దున్న మేడ మీద ఆవిడ పిండి గిన్నె పక్కన పెట్టేసి, కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాలు చదువుతోంది.

"ఏటమ్మీ నీలవేణీ, ఇది ఎవులు రాసేరు?"

"అది చెత్త కాగితమండీ. జపాన్ భాష. మీకు అర్థం కాదు."

"జపాన్ బాసని నాకూ తెలుసును. ఎవులు రాసేరో గాని పని తెల్దు ఆడికి. కార్డు పెట్టినాక మూత ముయ్యమన్నాడు. మూత తియ్యమని పైనెక్కడా రాయనేదు."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత చిరాకేసింది. నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. ఆ మొండితనంతోనే సెంటర్‌కి వెళ్లి ఇంగ్లీషు మూలం తీసి చూశాను. మూత తీయమన్న వాక్యం మూలంలో ఉంది. ఆ జపాన్ అనువాదంలో మాత్రం ఎవరో వదిలేశారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

సాయంత్రం అడిగితే చెప్పింది. 74లో షెడ్డుకి చక్రాలు చెక్కే పెద్ద లేత్ మిషను జపాన్ నుంచి వచ్చింది. దానితో పాటు నాలుగు ట్రంకు పెట్టెల కాగితాలు. ప్రతి పేజీలోనూ ఎడమ పక్క జపాన్ భాష, కుడి పక్క ఇంగ్లీషు. బిగించడానికి వచ్చిన హిరాబయాషి అనే ఇంజనీరు నాలుగు నెలలున్నాడు. ఆయనకు హిందీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. కావలసిన కాగితం పేరు తన భాషలోనే రాసి చూపించేవాడు. ఈవిడ ఆ గీతల ఆకారం చూసి పోల్చుకుని తీసిచ్చేది. ఆయన సంబరపడిపోయి, పాడైన డ్రాయింగుల వెనక వాళ్ల ఓనమాలు రాసిచ్చి, వెళ్లేటప్పుడు తన డిక్షనరీ కూడా ఇచ్చేసి వెళ్లాడు.

"తరవాత ఆ పెట్టెలకి చెదలట్టీసింది. సాహెబు పిలిచి, నువ్వు ఇంగ్లీషు పక్క కాపీ రాసీ, బస్, రెండోది అక్కర్నేదన్నాడు. సగం కాయితం రాయడమేటి అని రెండు పక్కలా రాసేసినాను. చెద మల్లీ వచ్చినాది. మల్లీ రాసినాను. ఇంకోపాలీ అంతే."

నాలుగు పెట్టెలు, మూడుసార్లు, ఇరవై ఏళ్లలో. రెండు భాషలూ ఆవిడకు అలా ఒకదాని పక్కన ఒకటి నిలబడి వచ్చాయి. ఆవిడకు జపాన్ భాషలో 'బాగున్నారా' అని పలకరించడం రాదు. 'బోల్టు బిగించే ముందు మరలకున్న నూనె తుడవండి' అనడం వచ్చు. మనలాగే వాళ్లూ చెయ్యాల్సిన పని చివర్లో చెబుతారని, ఇంగ్లీషువాడిలా ముందే తొందరపడరని కూడా చెప్పింది. పుస్తకాలు పట్టుకుని, మేస్టర్ల చేత చివాట్లు తిని చదువుకున్నదాన్ని నేను. ఈవిడ చెదలను మేస్టరుగా పెట్టుకుని చదివేసింది. నాకు ఆవిడ ముందు కూర్చోవడానికే సిగ్గేసింది.

అనువాదం కాకుండా మిగిలిపోయిన పత్రాల జాబితా సీడీలో ఉంది. సీరియల్ పోర్టుల గురించి, వాటికి తగిలించే టెర్మినళ్లు, మోడెముల గురించి నలభై పేజీల పత్రమొకటి అందులో కనబడింది. చూపించాను. ఆవిడ ఇంగ్లీషు పేజీలు తిరగేసి, "ఇది లేతు మిషను కన్నా చిన్నపనే" అంది. తర్వాత కాస్త తటపటాయించి అడిగింది.

"ఇందల కింద గడులుంటాయేటి?"

డ్రాయింగుల మూలన గడులుంటాయి. ఎవరు గీశారు, ఎవరు సరిచూశారు, ఎవరు ఒప్పుకున్నారు అని. ఇరవై మూడేళ్లు లక్ష కాగితాలు ఆవిడ చేతుల మీదుగా వెళ్లాయి. చెదలు తిన్నవి తిరిగి రాసింది ఆవిడే. అయినా ఆ గడుల్లో మళ్లీ పాత సాహెబుల పేర్లే రాయాల్సి వచ్చింది. రికార్డ్ సార్టరు పేరుకు అందులో చోటు లేదు.

"కింద కాదండీ, మొదటి పేజీలో పైనే ఉంటుంది. అనువాదం ఫలానా అని."

రెండ్రోజుల తర్వాత పాలవాడి కార్డు వెనక తన పేరు జపాన్ అక్షరాల్లో ఐదారు రకాలుగా రాసుకుని ఉండడం చూశాను.

ఐదు నెలలు పట్టింది. చేత్తో ముట్టుకోని వస్తువు గురించి రాయనని పట్టు. ఆదివారాలు సెంటర్‌కి తీసుకెళ్లి కంప్యూటర్ విప్పి చూపించేదాన్ని. ఒక్కొక్క కనెక్టరు మీదా బొటనవేలు ఆనించి, పిన్నులు లెక్కపెట్టి, ఆ తర్వాతే ఇంటికొచ్చి ఆ వాక్యం రాసేది. డ్రాయింగ్ పెన్నుతో, గడిలో కూర్చోబెట్టినట్టు ఒక్కొక్క అక్షరం. అరవై రెండు కాగితాలయ్యాయి. జపాన్‌లో ఈ అనువాదాల పని చూసే కుసునోకి అనే ఆయనకు, అన్నీ సరిచూశానని నా సంతకంతో ఉత్తరం జతచేసి పోస్టు చేశాను. నిజానికి నేను సరిచూసింది పేజీల నంబర్లు.

నెల తర్వాత ఈమెయిల్ వచ్చింది. ఇంటర్నెట్‌కి రాయ్‌పూర్ ఫోన్ లైను దొరికి అది తెరుచుకోవడానికి గంట పట్టింది. ఇంత శుభ్రమైన యంత్రాల భాష తాము చూసి చాలా కాలమైందని, తమ గుంపులో అందరూ చదివి ఆశ్చర్యపోయారని రాశాడు. ఆ తర్వాత ఒక సందేహం. 'స్విచ్చి మీద ఎర్ర రేకు తగిలించండి. తగిలించిన మనిషి తప్ప ఇంకెవరూ దాన్ని తీయకూడదు' అన్న వాక్యం పదకొండు చోట్ల ఉంది. మూలంలో ఒక్కచోట కూడా లేదు. అనువాదంలో ఏదీ చేర్చకూడదు, ఏదీ వదలకూడదన్నది మా నియమం. ఇలాగే ఉంటే ప్రకటించలేం. ఏం చెయ్యమంటారు?

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్‌కి ఎర్ర రేకేమిటి? సైకిలెక్కి అర్పా వంతెన దాటేదాకా ఆవిడను తిట్టుకుంటూనే వచ్చాను.

"ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని? నా పరువు పోయింది."

"రాయమనడమేటి? చెయ్యి లోన పెట్టే ముందు, ఇంకెవులూ స్విచ్చి ఎయ్యకుండా రేకు తగిలించాల. షెడ్డులో ఏ పని కాయితమైనా అలగే మొదలవుతాది. ఇంగ్లీషాయన మర్చిపోయినాడు."

"ఆయన మర్చిపోలేదు. ఇది షెడ్డు కాదు. ఆ వాక్యాలు తీసేస్తే మీ పేరు పడుతుంది. లేకపోతే ఆ అరవై రెండు కాగితాలూ అక్కడే పడుంటాయి."

ఆవిడ కొంగు సర్దుకుంది.

"ఆయేల రేకు మా ఆయనే తగిలించేడమ్మీ. కిరేను మోటారులో చెయ్యెట్టేడు. డ్యూటీ మారిన టైము. కొత్తగా వచ్చినోడు, పొద్దుటోళ్లంతా ఎల్లిపోయేరు, రేకు మర్చిపోయేరనుకుని తీసీసినాడు. స్విచ్చి ఏసీసినాడు. మంచోడే. తరవాత నా కాళ్ల మీద పడి ఏడిచినాడు." ఆగి అంది, "పేరు అక్కర్నేదు. ఉండనీ."

ఎర్రయ్య ఎలా పోయాడో రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. వంతెన మీద ఆవిడను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

మర్నాడు సెంటర్లో ఈమెయిల్ తెరిచి, 'పొరపాటు జరిగింది, ఆ పదకొండు వాక్యాలూ తీసేయండి' అని టైపు చేశాను. ఆవిడకు తెలిసే అవకాశం లేదు. పేరు పడిన కాగితం తెచ్చిస్తే సంతోషిస్తుంది. ఒక్క మీట నొక్కితే అయిపోయే పని. నొక్కబోతుంటే, ఎర్రయ్య రేకు తీసినవాడు కూడా మంచోడేనని ఆవిడ అన్నది గుర్తుకొచ్చింది. రాసిందంతా చెరిపేశాను. రేకు మీద తెల్ల రంగుతో 'ఆద్మీ కామ్ పర్ హై', అంటే మనిషి పనిలో ఉన్నాడు, అని ఉంటుందన్న దగ్గర్నుంచి ఎర్రయ్య సంగతంతా రాసి పంపాను. నేను సరిచూడలేదని కూడా ఒప్పుకున్నాను.

మూడు వారాలకు మందపాటి కవరొచ్చింది, ఈసారి అప్పలనర్సమ్మ గారి పేరుకే. లోపల ఆవిడ రాసిన కాగితాల్లో పదకొండు, వాటి పైన జపాన్ భాషలో ఉత్తరం. ఆవిడ అరుగు మీద కూర్చుని చదివి, నా కోసం తెలుగులో చెప్పింది. "తగిలించిన మనిషే తియ్యాలని మీరు రాసినారు. అంచేత మాలో ఎవులం వాటిని ముట్టుకోం. తియ్యాలనుకుంటే మీరే తియ్యండి. వద్దనుకుంటే అలగే పంపీండి. మీ పత్రం చోటు కాళీగా ఉంచి కూకున్నాం, అంటన్నాడు."

ఎక్కడో సముద్రాల అవతల, మొహం తెలియని మనుషులు లోకో షెడ్డు రూలు పాటిస్తున్నారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. పెన్సిలు తెమ్మంది.

మొదటి కాగితం చదివి, "ఇది బయట తీగ. ఇక్కడ బయం నేదు" అని ఆ వాక్యం తనే కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. రెండోదీ అంతే. అలా పది కొట్టేసింది. పెట్టె మూత విప్పే చోట ఉన్న పదకొండోదాని దగ్గర ఆగింది.

"ఇక్కడ మనిషి చెయ్యి లోనుంటాది. ఇది తియ్యను."

ఆ కాగితాలు తిరిగి పంపాక, 99 మార్చిలో పత్రం వెలువడింది. అచ్చు వేసి తెచ్చిచ్చాను. మొదటి పేజీలో ఆవిడ పేరు, వాళ్ల అక్షరాల్లో. పెట్టె మూత విప్పే పేజీ అడుగున, 'ఇది మూలంలో లేదు, అనువాదకురాలు తగిలించింది' అన్న మాటతో ఆ వాక్యం. ఆవిడ పేరు మీద బొటనవేలు ఆనించింది, ఆదివారాలు కనెక్టర్ల మీద ఆనించినట్టే. ఆ కాగితం మీద వడియాలు పెట్టలేదు, ఎర్రయ్య ఫోటో వెనక దాచుకుంది.

ఆ డిసెంబరులో అప్పలనర్సమ్మ గారు నిద్రలోనే పోయారు. జనవరిలో కుసునోకి నుంచి ఈమెయిల్ వచ్చింది. పత్రం కొత్త కూర్పు వస్తోంది, కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఆ ఎర్ర రేకు వాక్యం తీసేయమంటున్నారు, ఆవిడను అడిగి చెబుతానని తను వాళ్లతో అన్నాడట, దయచేసి అడగమన్నాడు.

ఆవిడ లేదని రాశాను. జవాబు ఆ రోజే వచ్చింది, ఒక్క వాక్యం.

'అయితే దాన్ని తీసేవాళ్లు ఇంకెవరూ లేరు.'