ఎకో ఎంత పెట్టాలి?

మా బాబాయి మైకుసెట్లు అద్దెకిస్తాడు. ఆయన వ్యాపారమంతా ఒక్క ప్రశ్న మీద నడిచేది: "ప్రార్థనా, పాలిటిక్సా?" ప్రార్థనయితే ఎకో బాగా పెంచాలి, ప్రార్థన చేయించే గురువుగారి గొంతు ఆకాశంలోంచి దిగినట్టుండాలి. రాజకీయమయితే ఎకో తీసెయ్యాలి, తిట్లు స్పష్టంగా వినపడాలి కదా!

ఈసారి ఎన్నికల్లో గురువుగారే నిలబడ్డారు. బాబాయికి పిచ్చెక్కింది. గురువుగారు దేవుడితో మొదలుపెట్టి, మధ్యలో ఓటు దగ్గరికొచ్చి, మళ్లీ దేవుడి దగ్గరికెళతారు. బాబాయి ఎకో మీట పెంచేలోపు ఓటు, తగ్గించేలోపు దేవుడు. పైగా బాబాయి ఆ గొంతు వింటే కళ్లనీళ్లు పెట్టుకునే భక్తుడాయె. "ఒరేయ్, ఇన్నాళ్లూ నన్ను ఏడిపించింది దేవుడా, నా ఎకోనా?" అని నన్నడిగాడు.

ఆ గోల పడలేకే స్కూబా డైవింగ్‌లో చేరాడు. నీళ్లడుగున మైకులుండవని ఎవరో చెప్పారట. ఆ బొజ్జకి రబ్బరు సూటు ఎక్కించడానికి నేనూ బాబాయీ కుస్తీ పట్టాం. పిన్ని నవ్వలేక చచ్చింది. అడుగున మాటలుండవు, అన్నీ సైగలే. అరచెయ్యి ఎత్తి చూపిస్తే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. బాబాయేమో కంగారులో కాళ్లాడిస్తూనే ఉండేవాడు. ఒడ్డుకొచ్చాక నేర్పే అమ్మాయి చివాట్లు పెట్టేది. "అంకుల్, ఆలోచించకండి. చెయ్యి కనపడితే ఆగిపోండి, అంతే." ఆ ఒక్కటీ ఇంట్లో కూడా సాధన చేశాడు. పిన్ని గరిటె పట్టుకుని చెయ్యెత్తినా ఠక్కున నిలబడిపోయేవాడు.

ఎన్నికల ఆఖరి సభకి మైదానం కిక్కిరిసింది. గురువుగారు "నాకు వేసే ఓటు..." అని గొంతు పెంచి, దీవిస్తున్నట్టు అరచెయ్యెత్తారు. బాబాయి ఠక్కున ఆపేశాడు. ఎకో ఒక్కటే కాదు, మొత్తం మైకునే. "...దేవుడికి వేసినట్టే" అన్న మాట ముందు వరసకి మాత్రం వినపడింది, సన్నగా, జలుబు చేసిన గొంతులా. అక్కడెవరో కిసుక్కుమన్నారు.

సభవాళ్లు బాబాయిని తిట్టి పంపేశారు. ఇంటికి రాగానే పిన్ని నిలదీసింది.

"కావాలనే చేశారా?"

"ఏమోనే! చెయ్యెత్తాడు, ఆపేశాను."

నిజంగానే తెలీదు పాపం. ఆ మొహం చూస్తే నాకు జాలేసింది. గురువుగారిని పట్టుకుని 'ఎత్తాడు' అన్న సంగతి కూడా బాబాయి గమనించుకోలేదు.

మర్నాడు ఇంట్లో ప్రార్థనకి కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. కాసేపటికి ఒక కన్ను తెరిచి, పక్కనున్న పిన్నిని గుసగుసగా అడిగాడు.

"ఏమే, ఎకో లేకుండా దేవుడికి వినపడుతుందంటావా?"