ముట్టుకోకు అత్తయ్య నీలం కారు

ముట్టుకోకు అత్తయ్యకు ఆ పేరు ఊరికే రాలేదు. రోజు మొత్తమ్మీద ఆవిడ నోట ఎక్కువగా వచ్చే మాట అదే. కారుతున్న కుళాయి బాగుచెయ్యడానికి వచ్చిన ప్లంబరును కుళాయి ముట్టుకోవద్దంది. జ్వరమొస్తే నాడి చూడబోయిన డాక్టరును చెయ్యి ముట్టుకోవద్దంది. పాపం, ఆయన గుమ్మంలోంచే చూసి మందు రాసిచ్చాడు.

ఆ మాటలో సగం వాటా అద్దాల బీరువాలో ఉన్న కీ ఇచ్చే బొమ్మకారుది. ఒకప్పుడు వేగంలో రికార్డులు బద్దలుకొట్టిన రేసు కారుకు అచ్చు నకలు. చేపలా పొడుగ్గా, నీలంగా ఉంటుంది. వాళ్ల నాన్నగారు కొన్నది. దాని మీద దుమ్ము పడితే ఆవిడ నోటితో ఊదుతుందే తప్ప గుడ్డ కూడా తగలనివ్వదు.

అలాంటి కారుకు గండం వచ్చిపడింది. అత్తయ్య తమ్ముడు పేరుమోసిన కార్ల మెకానిక్. పాత బొమ్మల ప్రదర్శనలో దాన్ని అందరి ముందూ పరిగెత్తిస్తానని నిర్వాహకులకు మాటిచ్చేసి, తెమ్మని కూతుర్ని పంపాడు. సంగతి వినగానే అత్తయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. వేరే బొమ్మేదైనా పట్టుకెళ్లమని మేనకోడల్ని బతిమాలింది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్లి, టీ పొడి డబ్బాతో మళ్లీ హాల్లోకే వచ్చి, కారును చూసుకుని వెళ్లింది.

ఆ కంగారులో బీరువా తలుపు వెయ్యడం మరిచిపోయింది. మేనకోడలికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకటే కోరిక. కారు తీసి మెల్లగా కీ తిప్పింది. బిగుసుకోలేదు. ఇంకాస్త తిప్పింది. ఎక్కడా పట్టన్నది లేకుండా గిర్రున తిరిగింది. ఆ పిల్ల పైప్రాణాలు పైనే పోయాయి. గుడ్డ కూడా తగలని వస్తువు తన చేతిలో పోయింది. లోపల పెట్టేద్దామా, చెప్పేద్దామా అని కొట్టుమిట్టాడుతూ తలెత్తేసరికి అత్తయ్య గుమ్మంలో ఉంది.

"అత్తయ్యా, కీ తిప్పాను. పాడైపోయింది."

అత్తయ్య కుర్చీలో కూలబడింది.

"నువ్వు కాదే. పాడుచేసింది మీ నాన్న, ఐదేళ్లప్పుడు. ఈ మాట వాడి చెవిన పడిందో, నేను ఊరుకోను."

అప్పట్లో ఆ పిల్లాడు నాన్నగారి కళ్లజోడు విరగ్గొట్టి, తన చేతులు మంచివి కావని వాటిని జేబుల్లోంచి తియ్యడం మానేశాడట. అక్కే ముద్దలు పెట్టాల్సివచ్చింది. చివరికి బుజ్జగించి, కారిచ్చి కీ తిప్పమంది. లోపల టక్కుమంది. పిల్లాడు భయంతో కళ్లు మూసుకున్నాడు. ఆ రెప్పపాటులో అక్క కారును చేత్తో ఒక్క తోపు తోసింది. వాడు కళ్లు తెరిచేసరికి అది గోడ దగ్గరుంది. ఎంత దూరం పోయిందో చూడమంది. ఆ రోజు జేబుల్లోంచి బయటికొచ్చిన చేతులు ఇప్పటిదాకా పనిచేస్తూనే ఉన్నాయి.

"మరి మమ్మల్ని అన్నీ ముట్టుకోవద్దంటావెందుకు?"

"కారొక్కటే వద్దంటే వాడికి అనుమానం రాదూ? అందుకని అన్నీ వద్దన్నాను. పోనుపోను అదే అలవాటైపోయింది."

మేనకోడలు నిర్వాహకులకు ఫోన్ చేసి, పాత స్ప్రింగు గనక కారును అద్దాల పెట్టెలోనే ఉంచాలని తేల్చి చెప్పింది. తండ్రి కాసేపు గొణిగి ఊరుకున్నాడు.

ప్రదర్శనలో ఆయన ఆ పెట్టె పక్కన నిలబడి, చిన్నప్పుడు తను కీ ఇస్తే ఈ కారు గోడ దాకా దూసుకుపోయిందని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. మేనకోడలు అత్తయ్య వైపు చూసింది.

"గోడేమిట్రా," అంది అత్తయ్య. "గుమ్మం దాటి గేటు దాకా పోలేదూ?"

తమ్ముడు ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు.

"అవునక్కా," అన్నాడు. "గేటు దాకా."